జవాబు మీద అరచెయ్యి

కాదు, చెయ్యి దానంతటది జరగలేదు. చేతులు వాటంతటవి జరగవు, నిద్రలో తప్ప. నేను నిద్రలో లేను, హాలు గుమ్మం బయట, మంచినీళ్ళ డబ్బా పక్కన, పుస్తకాల బల్ల ముందు నిలబడి ఉన్నాను, ఎడమచేత్తో వాటి మీద కప్పిన దుప్పటి అంచు ఎత్తి పట్టుకుని, కుడిచెయ్యి తెరిచిన పేజీ మీద ఆనించి. పేజీలో పైన బొమ్మ, కింద జవాబు, జవాబు మీద నా అరచెయ్యి. అంతవరకూ ఫరవాలేదనుకున్నాను, అంతవరకూ ఎవరికైనా మొహం చూపించగలననుకున్నాను. తరవాత అరచెయ్యి కిందికి జరిగింది. మళ్ళీ జరిగింది అంటున్నాను. జరిపాను. రెండు వరుసలు కనబడేంత జరిపాను, చదివాను, దుప్పటి కప్పేశాను, నీళ్ళు తాగాను, దాహం వేసిన మనిషి ఎంత తాగుతాడో అంత తాగాను, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ చూడటం లేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చునేసరికి నా చెల్లెలు తన ఎత్తు వేసేసి, కాగితం మీద రాసుకుని, గడియారం నొక్కి, నా వైపు చూడకుండా చదరంగం బల్ల వైపు చూస్తూ ఉంది. బల్ల మీద సరిగ్గా ఆ బొమ్మే ఉంది.

బల్ల మీద మిగిలినవి కొన్నే. నా తెల్లరాజు, నా బంట్లు రెండు. ఆమె నల్లరాజు, ఆమె బంటు ఒకటి. అంచున ఉన్న నా బంటూ ఆమె బంటూ తలకి తల ఆనించుకుని, గోడ దగ్గర తగాదా పడ్డ పక్కింటివాళ్ళలా ఎటూ కదలకుండా బిగుసుకుపోయాయి. నా రెండో బంటు ఇంకాస్త ముందుకి వెళితే మంత్రి అయిపోతుంది, కానీ ఆ దారి చివరి గడిలో, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నట్టు, ఆమె రాజు కూర్చున్నాడు. నేను ముందుకే తోసుకుంటూ వెళితే ఆమె రాజుకి కదలడానికి గడి మిగలదు, మీద దెబ్బా ఉండదు. అలా ఇరుక్కుపోతే గెలుపు లేదు, ఆట సమానం. అయినా ఎవరైనా ముందుకే వెళతారు. గుమ్మం ముందు ఉంటే వెనక్కి ఎవరు నడుస్తారు? నడవాలి. నా రాజు ఒక గడి వెనక్కి దిగి, పక్కకి జరిగి, మళ్ళీ ఇప్పుడున్న గడికే రావాలి. అలా వచ్చేసరికి బల్ల మీద ఏమీ మారి ఉండదు, కాని ఎత్తు వేయాల్సిన వంతు మాత్రం ఆమెది అవుతుంది, ఎటు కదిలినా దారి వదలాల్సి వస్తుంది. ఎంత అందంగా ఉంది. నీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళేముందు నాకు ఈ అందం తెలియదు.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. రోజంతా మనుషుల్ని ఊపిరి బిగబట్టమనడం, బిగబట్టారో లేదో చూడటం, ఇక వదలండి అనడం. ఆటలో కూర్చున్నప్పుడు ఆ మాట తనకే చెప్పుకుంటుందేమో, భుజాలు కూడా కదలవు, పెన్ను మూత బుగ్గకి ఆనించుకుని అలా ఉండిపోతుంది. నేను లేచి వెళ్ళేటప్పుడు ఆమె రాజు దారికి పక్కన ఉన్నాడు. కదలడానికి గళ్ళు చాలానే ఉన్నాయి, వెంటనే మునిగిపోకుండా నిలబెట్టే గడి మాత్రం ఒక్కటే, పుస్తకంలో అదీ రాసి ఉంది, ఆ వరుస కూడా చదివాను కదా. ఆమె దాన్ని వెతికి పట్టుకుంది. ఏ దుప్పటీ ఎత్తకుండా, కుర్చీలోంచి లేవకుండా. నేను బయట అక్షరాలు చూస్తున్నప్పుడే, గోడకి అవతల, ఊపిరి బిగబట్టి ఆమె అదే గడిని తన తలలోంచి తవ్వి తీస్తోంది. ఈ ఆట సమానమైనా ఆమెకి చాలు. క్లబ్బు తరఫున పై పోటీలకి నలుగురు వెళతారు, ముగ్గురు తేలిపోయారు, నాలుగో కుర్చీ మా ఇద్దరిలో ఒకరిది. సమానమైతే ఆమె వెళుతుంది, గెలిస్తే నేను వెళతాను. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ నాదే, దాని వీపు నా వీపుకి అలవాటు. ఆమె ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పిల్లలు ఎదిగాక, నెమ్మదిగా, రాత్రి డ్యూటీలు మార్చుకుని మార్చుకుని ఇక్కడిదాకా వచ్చింది.

పొద్దున ఎంత నవ్వుకున్నాం. పుస్తకాలాయన అప్పుడే అట్టపెట్టెలు విప్పి బల్ల మీద సర్దుతున్నాడు. పోటీ ఎక్కడుంటే అక్కడికి చదరంగం పుస్తకాలు మోసుకొచ్చే మనిషి, కొత్త పుస్తకం వస్తే నా మొహమే ముందు గుర్తొస్తుందంటాడు. "రండి బీరువాగారూ, మీకోసం ఒకటి దాచి పెట్టాను." క్లబ్బులో నా పేరు బీరువా. పెట్టింది చెల్లెలే. ఆయన చేతిలో పూలపూల పాత దుప్పటి ఒకటి చూసి ఇదెందుకయ్యా అన్నాను. "మీ పోటీ పెద్ద, బడిగంటమ్మ హుకుం అండీ. లోపల ఆట నడుస్తున్నంతసేపూ పుస్తకాల మీద కప్పి ఉంచాలంట. ఎవరైనా చూసేస్తారంట. చలిజ్వరం వచ్చిన పిల్లలకి కప్పినట్టు కప్పుకుంటూ కూర్చుంటా." అప్పుడే వచ్చిన చెల్లెలు చెప్పుల దుమ్ము దులుపుకుంటూ, "ఆ దుప్పటి మా అన్నయ్య గురించి కాదులెండి. మా అన్నయ్య తెరిచి పెట్టినా చదవడు," అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పుస్తకాలాయన నొచ్చుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, "అలా అనకండమ్మా, మా ఇంట్లో పొయ్యి వెలిగేదే చదవనివాళ్ళ వల్ల. చదివేవాళ్ళేముంది, ఒకటి కొనుక్కుని ఏళ్ళకేళ్ళు కనబడరు," అన్నాడు. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా కాస్త గట్టిగానే. తన మీద జోకు వేసినప్పుడు గట్టిగా నవ్వేవాడు ఆ జోకు నిజమని ఎవరికీ తట్టకూడదని నవ్వుతాడు. అప్పుడు ఇంత తెలివిగా అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను. ఎత్తు వేయాల్సిన మనిషిని, బల్ల వైపు చూడకుండా జోకుల గురించి ఆలోచిస్తున్నాను.

ఇంట్లో ఒక గోడంతా చదరంగం పుస్తకాలే. మా ఆవిడ దుమ్ము దులిపేటప్పుడు గుడ్డ విదిలిస్తూ, "నేను దులిపినన్నిసార్లు మీరు తెరిచుంటే ఈపాటికి మనింటికి ఫోటోలు తీసేవాళ్ళు వచ్చేవాళ్ళు," అంటుంది. పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు, నాకు గోడభూషణం. అయినా కొత్తగా ఆట నేర్చుకున్న ప్రతి ఒక్కరూ నా దగ్గరికే వస్తారు, ఏ పుస్తకం చదవమంటారండీ అని. నేను ఎంత బాగా చెబుతాను! గొంతు సవరించుకుని, కుర్చీ కాస్త వెనక్కి జరిపి చెబుతాను. ముందు మొదలుపెట్టే ఎత్తుల పుస్తకాలు కొనకండి, అవి కొత్త బట్టలు, ఒంట్లో బలం లేకుండా బట్టలు కుట్టించుకుని ఏం లాభం. ముందు చివరి ఆటల పుస్తకం పట్టుకోండి, బల్ల మీద నాలుగు పావులు ఉన్నప్పుడు ఏం చేయాలో తెలియనివాడికి అన్నీ ఉన్నప్పుడు ఏం తెలుస్తుంది? తరవాత ఎవరో ఒక్క పాత ఆటగాడిని ఎంచుకోండి, తన తప్పులు తనే చెప్పుకున్నవాణ్ణి, అతని ఆటలన్నీ చేత్తో ఆడి చూడండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, పుస్తకాన్ని చదవకండి, ఆడండి. బొమ్మ చూడగానే కింది జవాబు మూసేయండి. మూసి, పావులు పేర్చి, తల నొప్పి పుట్టేదాకా కూర్చోండి. తప్పు జవాబు మీదైతే అది కూడా మీ ఆస్తి, సరైన జవాబు పుస్తకానిదైతే అది అప్పు. ఈ వాక్యం నాదే, క్లబ్బులో ఇద్దరు ముగ్గురు దాన్ని తమ మాటగా కూడా వాడుకుంటున్నారు. జవాబు మూసుకోవడానికి అట్టముక్కలు కూడా నేనే ఇస్తాను. నేను పనిచేసే ప్రెస్సులో అట్టలు కోయగా మిగిలిన అంచులు ఉంటాయి, వాటిని పేజీ వెడల్పుకి సరిపోయేలా కోయించి, మూలలు గుండ్రంగా చేయించి, రబ్బరుబ్యాండు వేసి తెచ్చి పంచుతాను. చెల్లెలి దగ్గర ఉన్నది చెమటకి నల్లబడి, మధ్యలో మడతపడి, అంచులు నలిగి మెత్తగా గుడ్డలా అయిపోయింది. నావి ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి, ఒక్కో పుస్తకంలో, ముందు పేజీల్లోనే.

ప్రూఫులు దిద్దడం నా పని. ఒత్తు పోయిందా, దీర్ఘం తగ్గిందా, వరుస కిందికి జారిందా, అంతే. గుండెజబ్బు గురించి, ఎరువుల గురించి, పిల్లల పాఠాల గురించి ఎన్ని వేల పేజీలు నా కళ్ళ కిందుగా వెళ్ళాయో, ఒక్కదాంట్లో ఏముందో అడగండి, చెప్పలేను. అర్థం పట్టుకుంటే తప్పు జారిపోతుంది, ఈ పనిలో చేరినప్పుడు మా పెద్దాయన నేర్పిన మొదటి పాఠం అది. చదరంగం పుస్తకాలూ అలాగే చదివాను. ఎత్తుల వరుసలో అంకె తప్పు పడితే ఠక్కున పట్టుకుంటాను, పెన్సిలుతో చుక్క పెడతాను, ఒకసారి ఎవరో పుస్తకంలో చుక్కలు చూసి, అబ్బో ఎంత లోతుగా చదివారండీ అన్నారు. నేను కాదనలేదు. చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు ఎంతకాలంగా మొహం మీద ఉందో, చర్మమైపోయింది, ఇప్పుడు పీకితే రక్తం వస్తుంది.

ఆకుపచ్చ అట్ట పుస్తకం. చివరి ఆటల గురించి రాసినవాటిలో నాకు ప్రాణం అది, అలాగే చెబుతాను అందరికీ, ప్రాణమండీ, ఒక్కటే పుస్తకం ఉంచుకోమంటే అదే ఉంచుకుంటాను అని. దాని కాగితం చిక్కదనం, బొమ్మల చుట్టూ వదిలిన ఖాళీ, వెన్ను కుట్టిన తీరు, ఎవరో మనసు పెట్టి అచ్చువేసిన పుస్తకం. ఇందాక దుప్పటి కింద ఉన్నది దాని కొత్త ప్రతే. ఇంట్లో నా ప్రతిలో అట్టముక్క మూడో అధ్యాయం మొదట్లో ఉంది. రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన ఆటలు మూడో అధ్యాయంలోనే మొదలవుతాయి. పది పన్నెండు పేజీలు తిప్పి ఉంటే చాలు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటి. పావులు పేర్చుకుని, తల పట్టుకుని, ఒక్కగంట. ఆ బొమ్మ నా ఇంట్లో, నా మంచానికి ఎదురుగా ఉన్న గోడలో, నా కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తూ కూర్చుంది. నాదైపోయి ఉండేది. ఇప్పుడు ఇదే జవాబుని కళ్ళెత్తి దర్జాగా వేసుండేవాణ్ణి. సొంత ఇంట్లో గింజలు పెట్టుకుని పక్కింట్లో దొంగతనం చేసినవాణ్ణి ఏమంటారు? దానికి మన భాషలో సామెత లేదు, ఇంత తెలివితక్కువ దొంగ ఇదివరకు పుట్టి ఉండడు.

ఆ పుస్తకం ఆమె అడిగింది. మర్చిపోయాననుకున్నాను, లేదు, ఆమె నిలబడ్డ చోటు కూడా గుర్తుంది, కిటికీ దగ్గర, సంచి భుజానికి తగిలించుకుని, ఒక చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటూ. "అన్నయ్యా, ఆ ఆకుపచ్చది ఒక్క నెల ఇస్తావా? నలపను, ఒట్టు." "ఇంకా అవ్వలేదే బుల్లీ. సగంలో ఉన్నాను, మధ్యలో ఆపితే తెగిపోతుంది." "సరేలే. అయ్యాక ఇద్దువుగాని." లోపల్నుంచి మా ఆవిడ, "అయ్యాకంటే నీ మనవలకి అడుగుతున్నావా?" అని అరిచింది, ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు, రెండో చెప్పు దొరికింది, వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. అడగని మనిషి. ఎందుకు ఇవ్వలేదు నేను? ఆమె చదివేస్తుందని. ఒక్క నెలలో పూర్తిగా చదివేసి, తెచ్చిచ్చి, ఫలానా పేజీలో అది ఎంత బావుంది కదా అన్నయ్యా అంటుందని, అప్పుడు నేను ఆ చిరునవ్వు తప్ప ఇంకేదో ఇవ్వాల్సి వస్తుందని. ఆ పుస్తకాన్ని ఆమెకి అందకుండా ఆపి, దాంతోనే ఇప్పుడు ఆమెని కొట్టబోతున్నాను.

అసలు నీళ్ళకే లేచానా. ఆమె ఎత్తు ఆలోచిస్తోంది, చాలాసేపు ఆలోచిస్తుందని తెలుసు, కాళ్ళు పట్టేశాయి, గొంతు ఎండింది. ఇవన్నీ నిజమే. హాల్లోంచి బయటికి నడుస్తున్నప్పుడు నా మనసులో పుస్తకం లేదు. లేదా? రాజులూ బంట్లూ మిగలగానే, ఇది ఎక్కడో ఉంటుంది అనే ఒక పురుగు తల వెనక కదిలింది. కదిలినట్టు నాకు నేను తెలియనివ్వలేదు. పుస్తకాలాయన భోజనానికి వెళ్ళినట్టున్నాడు, కుర్చీ ఖాళీగా ఉంది, దుప్పటి అంచు బల్ల కిందికి వేలాడుతోంది. ఊరికే చూద్దామని ఎత్తాను, ఆకుపచ్చ అంచు కనబడింది, ఊరికే తెరిచాను, మూడో అధ్యాయం ఊరికే వచ్చింది. ఎన్ని ఊరికేలు కలిస్తే ఒక పని అవుతుంది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఇంకొంచెం చదువుకున్న పిల్లిని, ఒక కన్నే మూసుకున్నాను, అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను, నాకు నేనే సాక్షి కాకుండా. ఆ కాసేపూ చెయ్యి జవాబు మీద ఉన్నప్పుడు నిజంగానే ఆలోచించాను, ముందుకు వెళితే ఇరుకు అని నాకే తెలిసింది, అది నాదే. ఇంకాస్త అలాగే ఉంచుకుని లోపలికి వచ్చేసి ఉంటే, కుర్చీలో కూర్చుని తవ్వి ఉంటే, ఏమో, దొరికేదేమో. వెనక్కి నడవడం నాకే తట్టేదేమో. ఇక ఎప్పటికీ తెలియదు. నా దగ్గర్నుంచి నేను దొంగిలించింది అది.

బడిగంటమ్మ వరుసల మధ్య నడుస్తోంది. ఆవిడ ఈ పోటీకి పెద్ద, న్యాయం చెప్పే మనిషి. ఏళ్ళ తరబడి బడి నడిపి ఇప్పుడు మమ్మల్ని నడుపుతోంది, ఆవిడ గొంతు వింటే తల నెరిసినవాళ్ళు కూడా చొక్కా గుండీలు చూసుకుంటారు. రబ్బరు చెప్పులు, చప్పుడు ఉండదు, పక్కన గాలి చల్లబడితే వచ్చిందని తెలుస్తుంది. నా బల్ల దగ్గర ఆగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా వేళ్ళు నా అరచేతిని తడుముకున్నాయి. సిరా అంటిందేమోనని. అచ్చు సిరా ఆరిపోయి ఎన్నాళ్ళైందో ప్రెస్సువాణ్ణి నాకు తెలియదా. ఆవిడ బల్ల చూసింది, మా ఇద్దర్నీ చూసింది, అన్నాచెల్లెళ్ళం కదా, కాస్త మెత్తగా చూసి వెళ్ళిపోయింది. ఎవరికీ అనుమానం రాదు. అదే భయంగా ఉంది. వచ్చినా ఏముంది, రేపు ఎవరైనా, దుప్పటి ఎత్తుతుంటే చూశామండీ అన్నారనుకో, నా దగ్గర మాట సిద్ధంగా ఉంది, అదేమిటండీ, ఆ పుస్తకం నా ప్రాణం, కంఠతా వచ్చు, దాన్ని చూసి నేను తెలుసుకునేదేముంది? అందరూ తల ఊపుతారు. నిజమేగా, బీరువాకి తెలియంది ఏముంటుంది. ఇన్నేళ్ళూ ఆడిన అబద్ధం ఈ రోజు కోసమే నా పక్కన నిలబడి ఉన్నట్టుంది, నమ్మకమైన నౌకరులా, చేతులు కట్టుకుని, ఏం చేయమంటారు అన్నట్టు.

సరే, వెయ్యను. రాజుని ముందుకే తోస్తాను, ఇరుకు చేస్తాను, సమానం చేస్తాను. ఆమెకి కుర్చీ దక్కుతుంది, నేను చేసిన తప్పు ఎవరికీ తగలకుండా నాలోనే ఉండిపోతుంది. ఈ ఆలోచన రాగానే ఒళ్ళు తేలికైంది, తేలికైనందుకే అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి ఆమె ఊరుకోదు. వంటింటి బల్ల మీద ఈ పావులే పేర్చుకుంటుంది, నల్లబడ్డ ఆ అట్టముక్క పక్కన పెట్టుకుని రెండురోజులు కూర్చుంటుంది, వెనక్కి నడిస్తే గెలుపని తనే పట్టుకుంటుంది. అప్పుడేమనుకుంటుంది? అన్నయ్యకి ఇది తెలియకుండా ఉండదు, ఆ పుస్తకం ఆయన ప్రాణం, తెలిసీ వదిలేశాడు. చిన్నప్పుడు ఒకసారి చుట్టాలు వచ్చినప్పుడు నాన్న నా చెవిలో, చెల్లెలు కదరా, ఒకసారి గెలవనియ్యి అన్నాడు. నా మంత్రి దెబ్బలో ఉందని తెలిసీ చూడనట్టు వేరే ఎత్తు వేశాను. ఆమె మంత్రిని తీసుకోలేదు. నా మొహంలోకి చూసి, "నువ్వు చూశావు! చూసి కూడా చూడనట్టు ఆడుతున్నావు! నేను ఆడను ఫో!" అని బల్ల ఎత్తి తిరగేసింది, పావులు చుట్టాల కాఫీల్లో పడ్డాయి. నాన్న నవ్వాడు, అందరూ నవ్వారు, ఆమె మాత్రం తలుపు వెనకాల నిలబడి ఊపిరాడకుండా ఏడ్చింది. ఈ రోజు సమానం చేస్తే ఆ తలుపు వెనక్కే పంపుతాను. తను సంపాదించుకున్నదాన్ని నేను దానం చేసినట్టు అవుతుంది. దొంగిలించిన జవాబుతో గెలవడం ఒక దొంగతనం, అదే జవాబుని దాచి సమానం చేయడం ఇంకో రకం దొంగతనం, రెండోదాంట్లో నాకు పుణ్యం కూడా వస్తుంది. చీ.

అయితే చెప్పాలి. ఏమని? బయట పుస్తకం చూశాను అని. ఈ మాట నోట్లో పెట్టుకుని చూస్తే, చేదుగానే ఉంది కాని మింగడానికి వీలుగానే ఉంది. ఆట పోతుంది, క్లబ్బులోంచి కొన్నాళ్ళు బయట ఉంచుతారు, వెనక గుసగుసలు, బీరువాలో దొంగ దూరాడంట అంటారు, క్లబ్బులో ఉన్న పళ్ళ డాక్టరు దాన్ని సంవత్సరం పాటు చెప్పి చెప్పి నవ్విస్తాడు. దొంగ అనిపించుకోవడంలో కనీసం ఒక బరువుంది, మనిషి తాలూకు కక్కుర్తి, ఎవరికైనా ఉంటుంది. నా భయం దాని గురించి కాదు. బడిగంటమ్మ అడుగుతుంది, ఖచ్చితంగా అడుగుతుంది, బడి నడిపిన మనిషి, మీ దగ్గర ఆ పుస్తకం ఉందిగా, మీకు వచ్చుగా, మరెందుకు చూశారు అని. దానికి ఒక్కటే జవాబు. రాదు. చదవలేదు. అదే కాదు, ఏదీ. చెల్లెలి ముందు, పుస్తకాలాయన ముందు, నా అట్టముక్కలు జేబుల్లో పెట్టుకుని తిరిగే వీళ్ళందరి ముందు. దొంగనని చెప్పడం కన్నా చదవలేదని చెప్పడానికి ఎక్కువ సిగ్గేస్తోంది, ఇలాంటి సిగ్గు ఉన్నందుకు ఇంకా సిగ్గేస్తోంది. ఒకదాని వెనక ఒకటి, తలుపు తీస్తే ఇంకో తలుపు. చివరి తలుపు వెనక ఎవరున్నారు? ఎవరూ లేరేమో. అట్టలు బాగున్న ఒక ఖాళీ గది.

ఆమె కదిలింది. ఇంతసేపూ నేను బల్ల చూడటం లేదని పట్టేసినట్టుంది. ఆటలో మాట్లాడకూడదు, అయినా పెదవులు కూడా కదలనంత మెల్లగా, "ఒంట్లో బాగానే ఉందా?" అంది. నేను తలెత్తాను. ఆమె మొహంలో గెలుపూ లేదు, భయమూ లేదు, రోగిని బల్ల మీద పడుకోబెట్టేముందు చూసే చూపు, ఎక్కడ నొప్పో చెప్పు, అక్కడే చూస్తాను అనే చూపు. "మొహం అలా పాలిపోయిందేంటి? నీళ్ళు తేనా?" నీళ్ళట. నా గడియారం నడుస్తోంది, నా సమయం అయిపోతే ఆమెకి గెలుపే, అది లెక్కచేయకుండా నాకు నీళ్ళు తేవడానికి లేవబోతోంది. ఇలాగే కూర్చుంటే ఇదీ ఒక దారే కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా, ఒంట్లో బాగాలేని అన్నయ్యలా సమయం దాటిపోనివ్వడం. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళుతుంది. దారంతా జాలిపడుతుంది. నా లోపలి మనిషి ఎంత చురుగ్గా ఉన్నాడు, ఆట తప్ప అన్నిటికీ ఎత్తులు ఉన్నాయి వాడి దగ్గర. "వద్దు బుల్లీ, కూర్చో," అన్నాను.

చెయ్యి ముందుకి చాపాను. ఆమె కళ్ళు నా రాజు మీదకి వెళ్ళాయి, ముందుకా వెనక్కా అని, ఊపిరి మళ్ళీ బిగబట్టింది. పావు ముట్టుకుంటే ఆడి తీరాలి, అందుకే జాగ్రత్తగా, దేనికీ తగలకుండా రాజు మీదుగా చెయ్యి పోనిచ్చి, గడియారం నడుమ ఉన్న మీట నొక్కాను. రెండు వైపులా అంకెలు ఆగిపోయాయి. పెన్ను మూత ఆమె బుగ్గ మీంచి కిందికి దిగింది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. చెప్పాల్సినవి రెండు మాటలు, చూశానని ఒకటి, చదవలేదని ఒకటి, ఏది ముందు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఎవరూ పెద్దగా మాట్లాడని ఆ హాల్లో, అందరికీ వినబడేలా, "అమ్మా, ఒకసారి ఇటు రావాలి," అని బడిగంటమ్మని పిలిచాను.